తుపాకీ కేసులో పడ్డ శిక్ష మీద అప్పీలు: ఉచిత న్యాయ సేవ ఎలా ఉందో పూర్తి రివ్యూ

మా బావకి లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో ఉంచుకున్నాడన్న కేసులో రెండేళ్ళ జైలు శిక్ష పడింది. దాని మీద సెషన్స్ కోర్టులో అప్పీలు వేశాం. మొదటి దరఖాస్తు నుంచి చివరి తీర్పు దాకా ఆ అప్పీలుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసే నడిపింది, ఫీజు అని మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. ఈ రివ్యూ ఆ సేవ గురించి. ఇంట్లో మనిషి జైలుకెళ్ళాడని చెప్పుకోవడం నామోషీ కాబట్టి ఇలాంటివి ఎవరూ బయట రాయరు, దాంతో రేపు అదే కష్టంలో పడ్డవాళ్ళకి ఎటు పోవాలో తెలియక నగలు కుదువపెట్టి ఎవరో ఒకరి చేతిలో పోస్తారు. అందుకే కాస్త పొడుగైనా అన్నీ రాస్తున్నాను. నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఒకటి ఎందుకు తగ్గించానో కింద ఉంది.

ముందు కేసు సంగతి. బావ వాళ్ళ నాన్నగారి పేరున పంట కాపలాకి ఒక తుపాకీ ఉండేది, గొట్టం మూతిలోంచి మందు కూరి పేల్చే పాత రకం. అడవి అంచు ఊరు, మొక్కజొన్న కంకి పట్టే టైముకి పందులు దిగితే ఒక్క రాత్రిలో చేనంతా పాడు చేసి పోతాయి. ఇలాంటి మజిల్ లోడింగ్ తుపాకీకి నిజంగా పంట కాపాడుకోవడానికైతే లైసెన్సు ఇవ్వొచ్చని 1959 నాటి ఆయుధాల చట్టంలోనే, సెక్షన్ 13లో ఉంది, పెద్దాయన తీసుకున్నదీ అదే. ఆయన పోయారు. తుపాకీని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టారు, ఆ తర్వాత దాని జోలికి ఎవరూ పోలేదు. లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆ మనిషితోనే పోతుంది. అలా లైసెన్సు లేకుండా మిగిలిన ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలని సెక్షన్ 21 చెబుతుంది. కర్మకాండ, పొలం మ్యుటేషన్, బ్యాంకు లోను, ఇన్ని పనుల మధ్య ఊళ్ళో ఎవరికి తట్టుతుందండీ ఈ సంగతి? ఇది చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా తాత పేరున అలాంటి తుపాకీ మిగిలి ఉంటే దయచేసి ఇవాళే వెళ్ళి అప్పగించి రసీదు తీసుకోండి.

ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో డిపాజిట్ చేయమంటారు కదా, ఆ జాబితా పట్టుకుని ఇంటికొచ్చారు. తుపాకీ ఏదని అడిగితే బావే నిచ్చెన వేసుకుని ఎక్కి, దింపి, దుమ్ము దులిపి చేతికిచ్చాడు. పంచనామా రాశారు. కేసు పెట్టారు. సెక్షన్ 25(1బి)(ఎ). 2019 డిసెంబరు సవరణకి ముందు ఈ సెక్షన్ కింద కనీసం ఏడాది, గరిష్ఠంగా మూడేళ్ళు ఉండేది. ఇప్పుడు కనీసం రెండేళ్ళు, గరిష్ఠంగా ఐదేళ్ళు, జరిమానా అదనం. మేజిస్ట్రేట్ కోర్టు ఆ కనీసమే వేసింది.

తీర్పు రోజు మేము పెట్టుకున్న ప్రైవేటు వకీలు రాలేదు, జూనియర్‌ని పంపారు. ఇక్కడ ఒక విషయం అందరూ గుర్తుపెట్టుకోవాలి. శిక్ష మూడేళ్ళు దాటకుండా ఉండి, ముద్దాయి అప్పటిదాకా బెయిల్ మీదే ఉంటే, అప్పీలు వేసుకుంటానని చెబితే ప్రత్యేక కారణాలు ఉంటే తప్ప శిక్ష వేసిన ఆ కోర్టే కొంత గడువిచ్చి బెయిల్ మీద వదలాలి. పాత సీఆర్‌పీసీలో (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) అది 389(3), దాని బదులు 2024 జులై 1 నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 430(3). అడగాలి, పిటిషన్ చేతిలో ఉండాలి, జామీనుదారులు బయట వరండాలో సిద్ధంగా ఉండాలి. ఆ జూనియర్ అబ్బాయి దగ్గర ఏదీ లేదు. సాయంత్రానికి బావని జైలు వ్యాన్ ఎక్కించారు. మా అక్క టిఫిన్ బాక్సు పట్టుకుని కోర్టు మెట్ల మీద నిలబడిపోయింది, మధ్యాహ్నం అందరం తిని ఇంటికెళ్ళిపోతాం కదా అని అన్నం తెచ్చింది. మర్నాడు ఆ వకీలు ఫోన్ చేసి, ఇది హైకోర్టులోనే వేయాలి, అక్కడ సీనియర్‌ని పెట్టాలి, లక్షల్లో అవుతుంది, రెండు రోజుల్లో సర్దండి అన్నారు.

అది తప్పు. మేజిస్ట్రేట్ కోర్టు వేసిన శిక్ష మీద అప్పీలు సెషన్స్ కోర్టుకే పోతుంది, అంటే మన జిల్లాలోనే (పాతది 374(3), కొత్తది 415(3)). సెషన్స్ జడ్జి శిక్ష వేసిన కేసులూ, ఏడేళ్ళు దాటిన శిక్షలూ అయితేనే నేరుగా హైకోర్టు. ఈ తేడా తెలియక హైదరాబాదు, అమరావతి అంటూ తిరిగి డబ్బూ రోజులూ పోగొట్టుకునేవాళ్ళు ఉంటారు. రోజులు ఇక్కడ డబ్బు కన్నా ముఖ్యం, ఎందుకంటే సెషన్స్ కోర్టులో అప్పీలుకి గడువు 30 రోజులే. హైకోర్టుకైతే 60.

ఈ సేవ గురించి మాకు చెప్పింది ఎవరో పెద్ద మనిషి కాదు, జైలుకి వచ్చే పారా లీగల్ వాలంటీర్, అంటే ఆ సంస్థ తరఫున జనానికి దారి చూపే మనిషి. కొత్తగా వచ్చినవాళ్ళ దగ్గర కూర్చుని మీకు వకీలు ఉన్నాడా, అప్పీలు వేశారా అని ఒక్కొక్కర్నీ అడుగుతాడట. వకీలు లేడని బావ చెప్పాడు. అప్పుడు ఒక ఫారం నింపించుకుని సంతకం తీసుకుని, ములాఖత్‌కి వచ్చిన మా అక్కకి "అక్కా, కోర్టు కాంపౌండ్లోనే ఆఫీసు ఉంది, రేపు పొద్దున రండి, తీర్పు కాపీ అన్నగారి దగ్గరే ఉంది, అది నేను పంపిస్తాను" అని చెప్పాడు. తీర్పు కాపీ బావ దగ్గరే ఉందని మాకు అప్పటిదాకా తెలియదు! జైలు శిక్ష పడ్డవాడికి తీర్పు కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం (363, ఇప్పుడు 404), ఇచ్చారు కూడా, అది ఇంగ్లీషులో ఉండేసరికి ఆయన మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

ఈ కాపీ గొడవ చిన్నది కాదు. 1978లో హోస్కోట్ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది సరిగ్గా ఇదే, ఖైదీకి తీర్పు కాపీ అందక నాలుగేళ్ళు దాటాక పైకోర్టుకి రావాల్సి వచ్చింది, అప్పటికి మూడేళ్ళ శిక్ష అనుభవించడం కూడా అయిపోయింది. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో కాపీ ఉచితంగా, త్వరగా ఖైదీ చేతికి అందాలనీ, వకీలుని పెట్టుకోలేనివాడికి అప్పీలు కోసం వకీలుని ఏర్పాటు చేయాలనీ చెప్పారు. 2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది: శిక్ష పడ్డ తీర్పు కాపీ ఇచ్చేటప్పుడు, పైకోర్టుకి వెళ్ళడానికి ఉచిత న్యాయ సహాయం ఉందనీ, ఎక్కడ దొరుకుతుందనీ రాసిన ఒక కాగితం పైన జతచేసేలా హైకోర్టులు ఆలోచించాలని. ఆ కాగితం మన భాషలో కూడా ఉంటే ఎన్ని ఇళ్ళు నిలబడతాయో.

ఎవరికి వస్తుంది ఈ సేవ అన్నది చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతా. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా వస్తుంది, ఆదాయం ఎంతన్నది చూడరు. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వైకల్యం ఉన్నవాళ్ళకి కూడా ఆదాయంతో పనిలేదు. ఇలాంటి ఇంకొన్ని వర్గాలు పోగా మిగతావాళ్ళకి రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి ఉంటుంది. బావ జైల్లో ఉన్నాడు కాబట్టి ఆ వరసలో వచ్చేశాడు, పొలం ఎంతుందని కూడా ఎవరూ అడగలేదు. తెలియనివాళ్ళు 15100కి ఫోన్ చేయొచ్చు, టోల్ ఫ్రీ.

ఇంట్లో పెద్దవాళ్ళకి ఒక భయం ఉండేది. ప్రభుత్వం ఇచ్చే వకీలు పోలీసుల తరఫునే మాట్లాడతాడు కదా అని. పోలీసుల తరఫున వాదించేది పబ్లిక్ ప్రాసిక్యూటర్, ఆయన ఆఫీసు వేరు, ఆయన పని వేరు. ఈ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసు పని ముద్దాయి తరఫున నిలబడటం ఒక్కటే. 2022లో వచ్చిన పథకం కింద చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని వకీళ్ళని పూర్తికాలానికి తీసుకుంటారు, వాళ్ళు బయట ప్రైవేటు కేసులు పట్టకూడదు. అంతకుముందు ప్యానెల్ వకీళ్ళకి తమ సొంత కేసులు పోగా మిగిలిన టైములో ఇవి చూసుకోవాల్సి వచ్చేది. మాకు డిప్యూటీ మేడం గారు వచ్చారు. పేరు రాయను, ఆవిడ అనుమతి అడగలేదు.

ఇక అసలు పనితనం. మొదటి రోజు ఆవిడ మా కథ వినలేదు. అక్క ఏడుస్తూ మొదలుపెడితే, "అమ్మా, మీరు చెప్పేది తర్వాత వింటాను, ముందు కాగితాల్లో ఏముందో చూడనివ్వండి, అప్పీల్లో జడ్జిగారు చూసేది ఆ కాగితాలే" అన్నారు. మాకు కాస్త కష్టంగా అనిపించిందప్పుడు. తర్వాత అర్థమైంది. అప్పీలంటే కేసు మళ్ళీ మొదటినుంచి నడపడం కాదు. కింది కోర్టులో సాక్షులు ఏం చెప్పారు, ఏ కాగితం సాక్ష్యంగా మార్క్ అయింది, సాక్షుల్ని మన వకీలు ఎదురు ప్రశ్నించే క్రాస్‌లో ఏ ప్రశ్న అడిగారు, వీటిమీదే అంతా. అడగని ప్రశ్న పోయినట్టే. అరుదుగా అదనపు సాక్ష్యం తీసుకునే అధికారం పైకోర్టుకి ఉంది గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దని మొదటే చెప్పేశారు.

రికార్డు కాపీలన్నీ వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి చూపించారు. బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి ప్రాసిక్యూషన్‌కి అనుమతిస్తూ జిల్లా మేజిస్ట్రేట్ ఆఫీసు నుంచి వచ్చిన ప్రొసీడింగ్స్. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదన్న సెక్షన్ 3 ఉల్లంఘించారన్న కేసుకి ఈ ముందస్తు అనుమతి తప్పనిసరి, అది సెక్షన్ 39. రెండోది ఫోరెన్సిక్ ల్యాబ్ రిపోర్టు. పెన్సిల్‌తో రెండింట్లోనూ ఒక్కో మాట కింద గీత గీశారు. అనుమతి కాగితంలో తుపాకీ బ్రీచ్ లోడింగ్ అని ఉంది, అంటే వెనకవైపు తూటా పెట్టేది. ల్యాబ్ రిపోర్టులో మజిల్ లోడింగ్ అని ఉంది. కింది కోర్టులో మా వకీలు దీన్ని చూడనే లేదు, అనుమతి కాగితం మార్క్ చేస్తుంటే అభ్యంతరం కూడా చెప్పలేదు. మా చిన్నమావయ్య అక్కడే లేచి నిలబడ్డాడు, అయితే కేసు కొట్టేస్తారా మేడం అని.

ఆవిడ సమాధానమే ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం. "కొట్టేయకపోవచ్చండీ. అనుమతిలో తప్పు దొర్లినంత మాత్రాన తీర్పు పోదు, ఆ తప్పువల్ల మనకి అన్యాయం జరిగిందని చూపించాలి, లేకపోతే సీఆర్‌పీసీ సెక్షన్ 465 అడ్డొస్తుంది. నేను గట్టిగానే వాదిస్తాను. మీరు మాత్రం దీని మీదే ఇల్లు కట్టుకోకండి." ఇలా ఒక్కో పాయింటూ విప్పి, దేనికి బలం ఉంది, దేనికి లేదు అని చెప్పారు. డబ్బు తీసుకునే చోట మాకు ఎవరూ ఈ మాట చెప్పలేదు, అక్కడ అన్నీ గెలిచే పాయింట్లే.

తుప్పు పట్టిన తుపాకీ కదా, అది తుపాకీ ఎలా అవుతుందని నేను అడిగాను. పనికిరాని పాత ఆయుధానికి మినహాయింపు ఉంది, సెక్షన్ 45(సి), కానీ అక్కడ షరతు ఏమిటంటే రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా వాడటానికి వీల్లేకుండా ఉండాలి. మన తుపాకీ శుభ్రం చేస్తే పేలుతుందని ల్యాబ్ రాసింది. కాబట్టి ఆ దారి మూసుకుపోయింది, జడ్జిగారి టైము దాని మీద ఖర్చు చేయను అన్నారు.

తర్వాత, ఇంట్లో ఉన్నంత మాత్రాన ఆయన దగ్గర ఉన్నట్టేనా అన్నది. ఇక్కడ అందరికీ తెలిసిన సంజయ్ దత్ కేసు వస్తుంది. 1994లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ కేసులో ఆయుధం దగ్గర ఉండటమంటే తెలిసి ఉంచుకోవడం అని స్పష్టం చేసింది. అంతకుముందు 1972లో గున్వంత్‌లాల్ కేసులోనూ ఇదే: ఆయుధం చేతిలో లేకపోయినా దాని మీద అదుపు ఉంటే చాలు, కానీ ఉందన్న ఎరుక మాత్రం ఉండాలి. బావ వాళ్ళింట్లో వాళ్ళమ్మ, అంటే మా అత్తయ్యగారు ఉంటారు, బావ తమ్ముడు వచ్చిపోతుంటాడు, అటక అందరిదీ. వాదన బాగానే ఉంది. అయితే పోలీసులు అడగ్గానే నిచ్చెన ఎక్కి తీసిచ్చింది ఎవరు? బావే. ఆయనకి తెలుసని ఆ ఒక్క పనే చెబుతోంది. ఉన్నదున్నట్టు ఇచ్చేసినందుకు ఇలా అవుతుందా అని అక్క అడిగితే మేడం కాసేపు ఏమీ అనలేదు. "ఆ మంచితనాన్ని శిక్ష దగ్గర వాడుకుందామమ్మా" అన్నారు.

అదే చివరికి నిలబడింది. ఈ సెక్షన్లో కనీస శిక్ష రెండేళ్ళని ఉన్నా, దాని కిందే ఒక ప్రొవైజో, అంటే మినహాయింపు ఉంది, తగినన్ని ప్రత్యేక కారణాలు తీర్పులో రాసి అంతకన్నా తక్కువ వేయొచ్చని. కింది కోర్టులో శిక్ష గురించి ఏమైనా చెప్పుకుంటావా అని అడిగినప్పుడు బావ దయచూపండి అని ఒక్క ముక్క అన్నాడట, వకీలు పక్కన లేడు, ఈ ప్రొవైజో మాట ఎత్తినవాడే లేడు. మేడం అప్పీలు గ్రౌండ్స్‌లో దీనికి విడిగా చోటిచ్చారు: ఒకప్పుడు సక్రమంగా లైసెన్సున్న తుపాకీ, వారసత్వంగా ఇంట్లో మిగిలింది, మందు గానీ గుళ్ళు గానీ దొరకలేదు, ఎవరి మీదా వాడలేదు, గతంలో ఏ కేసూ లేదు, అడగ్గానే తనే అప్పగించాడు. ఇవన్నీ ప్రాసిక్యూషన్ సాక్షుల నోటివెంట వచ్చినవే, పేజీ నంబర్లతో సహా రాశారు. ఇంట్లో కూతుళ్ళున్నారు, తల్లి ముసలిది అన్నవి చివర్లో రెండు లైన్లు, అంతే. వాటితో మొదలుపెట్టాలని మేము అనుకున్నాం, ఆవిడ రాసిన వరస చూశాక ఎందుకలా పెట్టారో తెలిసింది.

ఇంకో భయం కూడా తీర్చారు. ఊళ్ళో ఒకాయన, అప్పీలు వేస్తే శిక్ష పెరుగుతుంది, గమ్మున అనుభవించి బయటపడటం మేలు అని అక్క చెవిలో వేశాడు. ముద్దాయి వేసిన అప్పీల్లో సెషన్స్ కోర్టు శిక్షని పెంచదు, చట్టంలోనే ఆ మాట ఉంది. పెంచాలంటే ప్రభుత్వం తనంతట తాను దాని కోసం అప్పీలుకి రావాలి. ఈ పుకారుకి భయపడి ఎంతమంది జైల్లో ఊరుకుంటున్నారో అనిపిస్తే బాధేస్తుంది.

శిక్ష నిలుపుదల పిటిషన్ అప్పీలుతో పాటే వేశారు (389(1), కొత్తది 430(1)). ఇద్దరు జామీనుదారుల మీద బావ బయటికొచ్చాడు. ఇక్కడ పని మనదే, ఎవరూ చేసిపెట్టరు: జామీనుదారుల ఆధార్, ఇంటి పన్ను రసీదులు, ఫోటోలు, వాళ్ళు ఆ రోజు పనులు మానుకుని కోర్టులో నిలబడటం. మా పక్క ఊరివాళ్ళు ఇద్దరు, వాళ్ళూ ఆడపిల్లల తండ్రులే, మాకు చుట్టాలు కూడా కాదు, వచ్చి సంతకం పెట్టారు. వాళ్ళ రుణం తీరేది కాదు. ఒకటి తెలుసుకోండి, ఆగింది శిక్ష అమలు మాత్రమే, దోషి అన్న మాట అలాగే ఉంటుంది, కోర్టు దాన్ని కూడా ఆపితే తప్ప జరిమానా కట్టాల్సిందే.

వాదనలు అయ్యేదాకా వాయిదాలు చాలా పడ్డాయి. రోజు వచ్చిందో లేదో ఈకోర్ట్స్ యాప్‌లో కేసుకిచ్చే సీఎన్ఆర్ నంబరు కొట్టి చూసుకునేవాళ్ళం, అది మాత్రం బాగా పనిచేస్తుంది, పదహారు అక్షరాల నంబరు ఒక్కసారి సేవ్ చేసుకుంటే చాలు.

తీర్పు: దోషి అన్న నిర్ణయం నిలిచింది. అనుమతి కాగితంలో పొరపాటు ఉన్న మాట నిజమే అని కోర్టు ఒప్పుకుంది, అయినా పట్టుకున్న తుపాకీ ఏదన్న దాంట్లో ఎవరికీ సందేహం లేదు కాబట్టి ముద్దాయికి నష్టం జరగలేదంది. అటక పాయింటు మేడం చెప్పినట్టే నిచ్చెన దగ్గర ఆగిపోయింది. శిక్ష మాత్రం, ప్రత్యేక కారణాలు వరసగా రాసి, అప్పటికే జైల్లో గడిపిన కాలానికి తగ్గించారు. బావ మళ్ళీ జైలుకి పోలేదు. ఆ రోజు ఆయన ట్రాక్టరు మీద కూర్చున్నది చూసి మా అత్తయ్యగారు వీధి అంతా పిలిచి బెల్లం పంచారు.

పూర్తిగా గెలిచామా అంటే లేదు. దోషి అన్న మచ్చ రికార్డులో ఉంది, అది మాకు మింగుడుపడని విషయమే. కానీ ఏది రావచ్చని మొదటి వారంలో ఆవిడ చెప్పారో చివరికి అదే వచ్చింది, ఆ మధ్యలో మేము అబద్ధపు ఆశలతో చావలేదు. సంజయ్ దత్ విషయంలో కూడా చూడండి, 2007లో ఆయుధాల చట్టం కింద టాడా కోర్టు (ఉగ్రవాద కేసుల ప్రత్యేక కోర్టు) ఆరేళ్ళు వేసింది, 2013లో సుప్రీంకోర్టు ఐదేళ్ళు చేసింది, దోషి అన్నది మాత్రం పోలేదు. దేశంలో పేరున్న వకీళ్ళు నిలబడ్డ కేసు అది. ఈ రకం కేసుల్లో శిక్ష తగ్గడమే పెద్ద విజయం చాలాసార్లు, దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

ఇప్పుడు ఆ తగ్గించిన స్టారు సంగతి. ఆఫీసులో మనుషులు తక్కువ, ఫైళ్ళు గుట్టలు. వాయిదా ఏమైందని వాళ్ళంతట వాళ్ళు ఫోన్ చేసి చెప్పరు, మనమే వెళ్ళి అడగాలి. మేడం కోర్టు హాల్లో ఉంటే ఆఫీసులో జవాబు చెప్పేవాళ్ళు దొరకరు, దూరం ఊళ్ళ నుంచి కూలి మానుకుని వచ్చినవాళ్ళు బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్ళిపోవడం నేను చూశాను. ఒక బోర్డు మీద ఏ రోజు ఏ వకీలు ఎన్ని గంటలకి ఉంటారో రాసిపెడితే సగం బాధ తీరుతుంది. ఇంకోటి, ఫారాలు తెలుగులోనే ఉన్నాయి గానీ ఆ తెలుగు పదో క్లాసు చదివిన నాకే అర్థం కాలేదు, వాలంటీర్ చదివి చెబితే తప్ప. అక్కడి వాలంటీర్లకి ఇచ్చేది కూడా చాలా తక్కువట, అంత పని చేసేవాళ్ళకి అది అన్యాయం.

ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ఈ సేవలో కోర్టు ఫీజు, కాపీల ఖర్చు, డ్రాఫ్టింగ్, అన్నీ సంస్థే భరిస్తుంది. గుమాస్తా ఖర్చులనీ టైపింగ్ అనీ ఎవరన్నా చేయి చాపితే సంస్థ కార్యదర్శికి రాసివ్వొచ్చు, ఆయన కూడా జడ్జే. మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఒకసారి అక్క సంతోషంతో మేడంకి చీర పెట్టబోతే కూడా చేతులు జోడించి వద్దన్నారు.

వెళ్ళేటప్పుడు తీర్పు కాపీ, ఛార్జిషీటు కాపీ, రిమాండులో ఎన్ని రోజులు ఉన్నదీ రాసిన జైలు సర్టిఫికెట్ పట్టుకెళ్ళండి. రిమాండు రోజులు శిక్షలో కలిసిపోతాయి (428, ఇప్పుడు 468), ఆ లెక్క సరిగ్గా ఉంటే చివర్లో తేడా రాదు. ముప్పై రోజులు దాటిపోయినా ఇంటికి వెనక్కి రాకండి, ఆలస్యానికి కారణం చెబుతూ అఫిడవిట్‌తో పిటిషన్ వేస్తారు, జైల్లో ఉన్నవాడి ఆలస్యాన్ని కోర్టులు కాస్త సానుభూతితోనే చూస్తాయని మేడం అన్నారు. వకీలు దొరక్కపోయినా జైలు సూపరింటెండెంట్ చేతికి అప్పీలు రాసిస్తే ఆయన కోర్టుకి పంపాలి, దాన్ని జైలు అప్పీలు అంటారు.

దోషి అన్న నిర్ణయం మీద హైకోర్టుకి రివిజన్, అంటే కింది కోర్టు తీర్పుని సరిచూడమనే పిటిషన్ వేసే దారి ఇంకా ఉంది, దానికి గడువు 90 రోజులు. ఆ కాగితాలు హైకోర్టు న్యాయ సేవల కమిటీకి పంపమని బావ సంతకం పెట్టి ఇచ్చాడు, అనుమతి కాగితం పాయింటుని అక్కడ మళ్ళీ చూపిస్తారట. ఫైలు ఇక్కడి ఆఫీసు నుంచే వెళ్ళింది, ఈసారి కూడా ఫీజు ఏమీ లేదు.